మూలుగుల బస్టాపు

చీకటి పడ్డాక ఆ స్టాపులో బస్సు ఆగదు. ఎవరైనా తెలియక లేచి నిలబడితే డ్రైవరు అద్దంలోంచి ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపు చాలు... దిగాల్సినవాళ్లు మళ్లీ కూర్చుని, తర్వాతి స్టాపు దాకా కిక్కురుమనరు. అక్కడ దిగి, అంత దూరమూ వెనక్కి నడిచి, ఎదుటి వైపు నుంచి తల తిప్పకుండా ఇళ్లకి పోతారు.

ఎందుకంటే ఆ స్టాపులో ఒకావిడ మూలుగుతుంది.

కనపడదు. మూలుగుతుంది, అంతే.

బతికున్నప్పుడు కూడా ఆవిడ ఎవరికీ కనపడలేదులెండి. కళ్లకి కనపడేదేగానీ లెక్కలోకి వచ్చేది కాదు. ఒక మూట నెత్తి కింద పెట్టుకుని ఆ బెంచీ మీద ముడుచుకుని పడుకునేది. ఎవర్నీ చెయ్యి చాచి అడిగేది కాదు. ఆవిడ చేసిన పెద్ద తప్పు అదే. అడిగితే పదిమంది కసురుకున్నా ఒకళ్లయినా ఏదో పడేసి పుణ్యం మూటగట్టుకునేవాళ్లు. ఊరికే పడుకుంటే ఎవరికి లాభం?

ఆ స్టాపు వెనకే పెద్ద కాలనీ. కాలనీకి ఒక సంఘం, సంఘానికి ఒక ప్రెసిడెంటు. ఆయనది తివాచీల వ్యాపారం. ఒకరోజు మీటింగు పెట్టి, గొంతు సవరించుకుని అన్నాడట.

"పేదవాళ్లంటే నాకు ప్రాణమండీ. కానీ ప్రాణం వేరు, బస్టాపు వేరు."

ఆవిణ్ని వెళ్లగొట్టమని మాత్రం ఒక్కరూ అనలేదు. చదువుకున్నవాళ్లు కదా! బెంచీకి మధ్యమధ్య ఇనప కమ్మీలు బిగిద్దామన్నారు. కూర్చున్నవాళ్లు చక్కగా చేతులు ఆనించుకోవచ్చు. పడుకునేవాళ్ల సంగతంటారా... బస్టాపులో పడుకోవడమేమిటి, అసహ్యంగా? అందరూ చేతులెత్తారు. అందులో పళ్ల డాక్టరుగారి చెయ్యి కూడా ఉంది. ఆయనకి ఇంటికి పోయి తినాలని తొందర. విషయమేమిటో సరిగ్గా వినను కూడా లేదు.

కమ్మీలు బిగించిన కొన్నాళ్లకే వాన పట్టుకుంది, వెనకాలే చలి గాలి. ఒకరోజు తెల్లవారి చూస్తే ఆవిడ రెండు కమ్మీల మధ్య ఇరుక్కుని, కూర్చునే పోయింది. బెంచీ పెట్టింది కూర్చోవడానికే కదా... పోతూ పోతూ కూడా రూలు తప్పలేదు పాపం.

మరుసటి చలికాలంలో మొదలైంది మూలుగు.

దాంతోపాటే ఆవిడకి ప్రమోషనూ వచ్చింది. బతికున్నప్పుడు "ముసల్ది". ఇప్పుడు "పెద్దమ్మగారు". ముందుగా ప్రెసిడెంటుగారి భార్య ఒక కొత్త దుప్పటి తెచ్చి బెంచీ మీద పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది. ఆవిడ పెట్టాక మిగతావాళ్లు ఊరుకుంటారా? శాలువాలు, స్వెట్టర్లు, రొట్టెలు, పళ్లు, మూతల గిన్నెల్లో వేడివేడి భోజనాలు. ఆ కాలనీలో చుట్టాలకి కూడా అంత మర్యాద జరిగి ఉండదు.

పొద్దున్నే వెళ్లి చూస్తే గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి.

"ఎంత పద్ధతైన దెయ్యమో!" అని ముక్కున వేలేసుకున్నారు.

పళ్ల డాక్టరుగారు మాత్రం నవ్వేవాడు. దెయ్యాలూ లేవు, భూతాలూ లేవు, పళ్లు సరిగ్గా తోముకోని మనుషులున్నారంతే... అనేవాడు. పగటిపూట అనేవాడు.

ఒక రాత్రి ఆయన కారు మెకానిక్కు దగ్గరుంది. క్లినిక్కు మూసేసరికి పొద్దుపోయింది. సన్నగా తుంపర. వీధి దీపాలు లేవు. ఎదుటి వైపు రోడ్డు తవ్వి పెట్టారు... అంటే నడిస్తే ఇటే నడవాలి. బస్టాపు ముందు నుంచే.

ధైర్యంగానే బయల్దేరాడు. నాలుగడుగులు వేసేసరికి ఆ ధైర్యం కాస్తా గొడుగులోంచి జారిపోయింది.

"మ్...మ్...మ్..."

ఆగిపోయాడు. గాలి ఒక్కసారి విసిరింది. మూలుగు టక్కున ఆగింది. దాని వెంటే ఒక చప్పుడు... ఎవరో పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చినట్టు...

"స్...స్..."

మళ్లీ మూలుగు. ఈసారి ఇంకా కింది స్థాయిలో, ఆగి ఆగి.

డాక్టరుగారి కాళ్లు పరుగెత్తమంటున్నాయి. చెవులు మాత్రం కదలనివ్వడం లేదు. ఆ మూలుగు ఆయనకి తెలుసు! పొద్దున లేస్తే వినేది అదే. ఆయన ఇల్లు కట్టింది, పిల్లల్ని చదివించింది ఆ మూలుగే.

చీకట్లోకి గుసగుసగా అడిగాడు.

"...కింది దవడా?"

మూలుగు ఆగింది. తర్వాత...

"ఊఁ..."

"ఎడమా, కుడా?"

"...ఎడమ."

దెయ్యానికి పన్ను నొప్పి రావడం ఆయన సర్వీసులో అదే మొదలు. ఫోను లైటు వేసి స్టాపు వెనక్కి వెళ్లాడు. కాలనీ గోడకీ స్టాపు రేకుకీ మధ్య సందులో, కాలనీ వాళ్ల దుప్పట్ల గుట్టలో ఒకావిడ కూర్చుని ఉంది. ముసలావిడ కూడా కాదు, నడివయసు మనిషి. భుజాల మీద డాక్టరుగారి భార్య నీలం శాలువా. ఎడమ చెంప బూరెలా ఉబ్బి, వాపు దవడ కిందికి దిగింది. కళ్లు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి.

"నోరు తెరు."

సగం కూడా తెరుచుకోలేదు. డాక్టరుగారి భయం ఆ క్షణంలో రంగు మారింది. ఇది దెయ్యం భయం కాదు. ఈ వాపు గొంతులోకి దిగితే ఊపిరాడదు.

"లే అమ్మా. ఇప్పుడే నా క్లినిక్కుకి రావాలి."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "నేను మనిషినని ఎవరికీ చెప్పకండి బాబూ."

"అదేం మాట?"

మాట రావడమే కష్టంగా ఉంది ఆవిడకి. అయినా చెప్పింది. "బడి పిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేశాను. షెడ్డు మూశారు. గది ఖాళీ చేయించారు. అన్న ఇంటికి పోతే మా వదిన మొదట్లో వదినలాగే ఉంది, తర్వాత ఇంటి ఓనరులా మాట్లాడింది. రైల్వే స్టేషన్లో పడుకుంటే లాఠీతో పొడిచి లేపారు. పార్కులో పడుకుంటే నీళ్లు కొట్టారు. ఇక్కడ... ఈ నొప్పికి ఒకరాత్రి మూలిగాను. తెల్లారి చూస్తే దుప్పటి! మనిషిగా ఉన్నన్నాళ్లూ ఒక్కళ్లూ పెట్టలేదు బాబూ. ఈ ఉద్యోగం పోగొట్టకండి."

"ఇక్కడ నిజంగా ఒకావిడ పోయింది. నీకు భయం లేదా?"

"నన్ను లేపింది ఎప్పుడూ బతికున్నవాళ్లే. పోయినవాళ్లు ఎప్పుడూ లేపలేదు."

డాక్టరుగారు గొడుగు ఆవిడ మీదికి పట్టాడు.

దొంగల్లా క్లినిక్కులో దూరారు. ఇంజెక్షను చేసి, చీము తీసి, తెరుచుకున్నంత నోట్లోంచే ఆ పుచ్చిపోయిన పన్ను పీకేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. ఆవిడ ఒక్కసారి కూడా అరవలేదు. అయిపోయిందని చెబుదామని చూస్తే... నిద్రపోయింది. వెనక్కి వాలి, కాళ్లు బారజాపి, ఆ కుర్చీలోనే. అందరూ కూర్చోవడానికే వణికిపోయే కుర్చీ అది. ఆవిడ గుర్రు పెట్టింది.

లేపడానికి ఆయనకి చెయ్యి రాలేదు. పేషెంట్లు కూర్చునే సోఫాలో తనూ నడుం వాల్చి, నర్సు రాకముందే ఆవిణ్ని పంపించాడు.

ఇంటికెళ్లి భార్యని కదిపి చూశాడు. "మేడ మీద గది ఖాళీగానే ఉంది కదా. ఒక పేదావిడకి ఇద్దామా?"

"ఎవరో ఏమిటో తెలియకుండా ఇంట్లో పెట్టుకుంటామా? మీకేమైనా మతిపోయిందా?" అంది ఆవిడ. మళ్లీ తనే మెత్తబడి, "అంత జాలిగా ఉంటే చెప్పండి, పెద్దమ్మగారికి ఇంకో శాలువా పెట్టి వస్తాను."

ప్రెసిడెంటుని కదిపాడు. "ఊరికే అడుగుతున్నా... ఆ స్టాపులో ఉన్నది దెయ్యం కాదు, మనిషే అనుకోండి. ఏం చేద్దాం?"

"మనిషైతే చిటికెలో పని డాక్టరుగారూ. పోలీసులకి ఒక్క ఫోను! దెయ్యంతో వచ్చింది చిక్కంతా. గౌరవించక తప్పదు."

సరే, డాక్టరుగారు నోరు మూసుకున్నాడు. అందరి నోళ్లూ తెరిపించే మనిషి, మొదటిసారి తన నోరు తనే మూసుకున్నాడు.

కానీ అసలు కష్టం అప్పుడే వచ్చింది. మందులు పనిచేశాయి. వాపు తగ్గింది. మూలుగు ఆగిపోయింది.

కాలనీ ఊపిరి పీల్చుకుంది. "పెద్దమ్మగారు శాంతించారు" అన్నారు. శాంతించినవాళ్లకి భోజనమెందుకు? ముందు గిన్నెలు ఆగాయి. ఆ వెనకే ప్రెసిడెంటుగారు మీటింగు పెట్టాడు. పాత స్టాపు పడగొట్టించి, గాజుది కట్టించి, రాత్రంతా దీపాలు పెట్టి ఒక కాపలా మనిషిని కూడా వేద్దామన్నాడు.

డాక్టరుగారు ఆ రాత్రే స్టాపు వెనక్కి పరుగెత్తాడు.

"అమ్మా, కాస్త మూలుగు."

ఆవిడ ప్రయత్నించింది. దగ్గొచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి నవ్వొచ్చింది. "నొప్పి లేకుండా రావడం లేదు బాబూ. అబద్ధపు మూలుగు నాకు చేతకాదు."

"జరుగు." డాక్టరుగారు చెప్పులు విప్పి సందులో ముడుచుకున్నాడు. కళ్లు మూసుకుని, తన దగ్గరకొచ్చిన జ్ఞానదంతాలన్నిటినీ తల్చుకుని...

"మ్మ్...మ్మ్...మ్మ్... స్..."

ఎదురు మేడ మీద ఒక కిటికీ దబ్బున మూసుకుంది. కుక్కలు మొరిగాయి. ఆవిడ శాలువా నోట్లో కుక్కుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది.

తెల్లారేసరికి గిన్నెలు మళ్లీ వరసకట్టాయి. ఈసారి ప్రెసిడెంటుగారి ఇంటి నుంచి ఒక తివాచీ కూడా వచ్చింది, చిన్నది. గాజు స్టాపు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అప్పట్నుంచి వారానికి ఒకట్రెండుసార్లు డాక్టరుగారు "నడకకి" వెళ్లేవాడు. వాకింగు మొదలుపెట్టాక ఈయన మొహంలో కళ వచ్చిందని భార్య సంబరపడింది. ఆయనకి కూడా మూలుగులో చెయ్యి తిరిగింది. అమావాస్యకి ఒక రకం, వాన రాత్రికి ఇంకో రకం.

అలా ఉండగా చలి బాగా ముదిరిన ఒక రాత్రి... మంచు దట్టంగా దిగింది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. డాక్టరుగారు మఫ్లరు చుట్టుకుని వచ్చేసరికి మూలుగు అప్పటికే మొదలైపోయింది.

ఆగి విన్నాడు. భేష్, అనుకున్నాడు. నిజం మూలుగులా ఉంది. నాకే వెన్నులో వణుకొస్తోంది.

"బాగా నేర్చుకున్నావమ్మా" అన్నాడు రేకు వైపు, గొంతు తగ్గించి.

"ఏంటి బాబూ?"

ఆ గొంతు ముందు నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది.

తిరిగి చూశాడు. ఆవిడ. చేతిలో నీళ్ల సీసా. వీధి చివర పంపు దగ్గర పట్టుకొస్తోంది.

"మీరు ఇక్కడున్నారేంటి?" అంది ఆవిడ, నిలబడిపోయి. "మూలుగుతోంది మీరేననుకున్నా..."

డాక్టరుగారు ఫోను లైటు వేశాడు.

మూలుగు ఆగలేదు. సందులోంచి కాదు... బెంచీ మీది నుంచి. రెండు కమ్మీల మధ్య నుంచి. అక్కడ ఎవరూ లేరు.

"బాబూ..." ఆవిడ గుసగుసలాడింది. "మీకు తెలుస్తుంది కదా. అది ఏ పన్ను?"

ఇన్నేళ్లుగా విన్న మూలుగులన్నీ ఒక్కొక్కటే డాక్టరుగారి చెవిలో తిరిగాయి. అందులో ఏదీ ఇది కాదు.

"పన్ను కాదమ్మా..."

"మరి?"

"చలి."

ఆయన ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు. ఆవిడ ముందుకి వెళ్లింది. బెంచీ దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత భుజాల మీది నీలం శాలువా తీసి, ఆ ఖాళీ చోట, ఎవరికో కప్పినట్టు నెమ్మదిగా కప్పింది. కమ్మీకి ఇవతల తను కూర్చుంది.

"నేనూ ఇక్కడే ఉంటా పెద్దమ్మా" అంది. "నిన్నెవరూ లేపరులే. పడుకో."

మూలుగు... ఆగింది.

డాక్టరుగారు చూస్తున్నాడు. గాలి లేదు. ఆకు కదలడం లేదు.

బెంచీ అంచున వేలాడుతున్న శాలువా కొస... మెల్లగా, చాలా మెల్లగా... లోపలికి జరిగింది. చలికి వణుకుతున్నవాళ్లు, కాళ్ల దగ్గరి దుప్పటిని ఒంటికి లాక్కున్నట్టు.