తాయారమ్మ తేల్చని ఓటు

2094 నాటికి అంగారకుడి మీద అయిదు గుమ్మటాలున్నాయి. ఒక్కో గుమ్మటం ఒక్కో రాష్ట్రం. అధ్యక్షుడి ఎన్నికలో నాలుగు ఎటు పడతాయో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయిదోది ఎర్రదిబ్బ. అది ఎవరివైపు ఒరిగితే వాడే అధ్యక్షుడు. అందుకని ఎన్నికల ఏడాది ఎర్రదిబ్బ మీద అందరికీ ప్రేమ పుట్టుకొస్తుంది. చెడిపోయిన గాలియంత్రాలు బాగవుతాయి. మంత్రులు వచ్చి గుమ్మాల్లో కూర్చుంటారు. మిగతా మూడేళ్లూ ఇటు తొంగి చూసేవాడుండడు.

సర్వే మనిషి ఏలీషా ఏడోసారి తాయారమ్మ తలుపు తట్టాడు. గనిలోకి దిగేవాళ్లకి గాలిచొక్కాలు కుట్టి కుట్టి చూపు మసకబారిన మనిషి ఆవిడ. సర్వే జాబితాలో ఇంకా 'తేల్చుకోనివాళ్ల' వరసలోనే ఉంది. అలాంటివాళ్లు ఎర్రదిబ్బలో నాలుగువేలమంది. గెలుపు వాళ్ల చేతుల్లోనే ఉంది.

"ఇవాళయినా చెప్తారా పిన్నిగారూ?"

"కూర్చో బాబూ, కంగారేంటి. అటుకులు వేయిస్తన్నా. నిన్న ఆ రెండో పార్టీవాడొచ్చి నా మోకాళ్ల గురించి గంటసేపు అడిగాడు. మా ఆయన ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ అడగలేదు."

ఏలీషా నవ్వి, సంచిలోంచి కొత్త యంత్రం తీశాడు. దాని పేరు నాడిపెట్టె. అభ్యర్థి పేరు వినగానే మనిషి నాడిలో, చర్మం మీది తేమలో వచ్చే సన్నని మార్పుల్ని అందులోని సెన్సర్లు పట్టేస్తాయి. నోరు దాచినా ఒళ్లు దాచలేదన్నది దాన్ని కనిపెట్టిన డాక్టర్ సుభాన్‌బీ సూత్రం.

"ఇందులో చెయ్యి పెడితే చాలండి. మీరేం చెప్పక్కర్లేదు."

"చెప్పక్కర్లేదా?" తాయారమ్మ మొహం చిన్నబోయింది. అయినా ఇంటికొచ్చినవాడి మాట తీసెయ్యలేక చెయ్యి పెట్టింది.

సర్వేవాళ్లంతా పెట్టెలతో ఎర్రదిబ్బని చుట్టేశాక, మూడోరోజు సుభాన్‌బీ తెరమీద కనిపించింది. "ఏలీషా, నాలుగువేలమందిలో నిజంగా తేల్చుకోనివాళ్లు పదకొండుమందే. తక్కినవాళ్లు ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఎర్రదిబ్బ ఊగట్లేదయ్యా, ఊగుతున్నట్టు నటిస్తోంది."

"ఎందుకు మేడమ్?"

"ఓటెవరికో చెప్తుంది నా పెట్టె. ఎందుకో చెప్పదు."

ఏలీషాకి తెలుసు. తేల్చేసుకున్నామన్న ఇంటికి ఏ పార్టీవాడూ రెండోసారి వెళ్లడు.

పెట్టె ఫలితం బయటపడిన సాయంత్రానికే రెండు పార్టీల బళ్లూ కదిలాయి. గెలిచేవాళ్లకి ఇక్కడ ఇక పనిలేదు, ఓడేవాళ్లకి ఆశలేదు. ఏలీషా ఉద్యోగమూ దాంతోటే పోయింది. పెట్టె ఉండగా అడిగేవాడు దేనికి?

అతను తిరుగు బండి ఎక్కలేదు. తాయారమ్మ తలుపు తట్టాడు.

"మళ్లీ దేనికొచ్చావు? నేనెవరికేస్తానో తెలిసిపోయిందిగా."

ఏలీషా తల దించుకున్నాడు. ఆవిడ మసక కళ్లతో కాసేపు చూసి అడిగింది.

"ఇంతకీ నువ్వెవరికేస్తావు?"

ఇరవయ్యేళ్లుగా ఊళ్లన్నీ తిరిగి అందరినీ అడిగాడు. అతన్ని మాత్రం ఎవరూ అడగలేదు. జవాబు నాలిక చివరే ఉంది. చెప్పేస్తే మాట అక్కడితో అయిపోతుంది.

"అది ఒక్కమాటలో తేలేది కాదండి" అన్నాడు.

తాయారమ్మ తలుపు పూర్తిగా తీసింది.