చప్పుడు చెయ్యని కెమెరా

ఏసుదానం సగం తిన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు!

జ్ఞానసుందరి గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లయి వచ్చిన దగ్గర నుంచి ఆ మనిషి అన్నం వదిలి లేవడం ఆమె చూడలేదు. మామగారిని సమాధి చేసి వచ్చిన నాడు కూడా భోజనం ముగించాకే ఏడ్చాడు. అలాంటిది, చింతచిగురు రొయ్యలు వండిన రోజున... సగంలో... చెయ్యి కడిగేసుకున్నాడంటే! ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడికి తాగుడు అలవాటైందని ఏడ్చేవాళ్లను ఆమె చర్చిలో ఓదార్చింది. కాపురంలోకి ఇంకో ఆడమనిషి వచ్చిందని ఏడ్చేవాళ్లనూ ఓదార్చింది. తన కాపురంలోకి వచ్చింది ఒక కెమెరా! ఇలాంటి కష్టానికి ఎవరు వచ్చి ఓదారుస్తారు? ఏమని ఓదారుస్తారు?

"ఆ లక్కపిడత ఈ ఇంట్లో ఉన్నంతవరకూ నాకు ముద్ద దిగదు సుందరీ!" అన్నాడు ఏసుదానం పెరట్లోంచి.

"అయితే నన్నే పొమ్మనమ్మా!" అన్నాడు కొడుకు విక్టర్ ముందుగదిలోంచి.

"నీతో ఎవడు మాటాడేడు? మీ అమ్మతో సెప్తన్నాను."

"నేనూ అమ్మతోనే సెప్తన్నాను."

విక్టర్ విశాఖపట్నం వెళ్లి ఆ కెమెరా కొనుక్కొచ్చిన దగ్గర నుంచి తండ్రీకొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఏదైనా ఉంటే ఆమెతో చెబుతారు. ఇద్దరి మధ్యా ఉన్న గోడకు మాటలు వచ్చి ఉంటే జ్ఞానసుందరికి ఈ పని తప్పేది.

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే రోడ్డు మీద వాళ్ల స్టూడియో. ఏసుదానం డీఎస్‌ఎల్‌ఆర్ కొన్ననాడు ఆ రోడ్డులో మరెవరి దగ్గరా అలాంటిది లేదు. పాస్టరుగారు వచ్చి దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. పదేళ్లు కావస్తున్నా పెళ్లంటే ఆయన చేతిలో అదే. ఇప్పుడు విక్టర్ తెచ్చింది గుప్పెట్లో పడుతుంది. మిర్రర్‌లెస్ అంటారు.

"నాన్నకి సెప్పమ్మా. దీన్లో మనిషి కన్ను ఎక్కడుందో అదే ఎతికి పట్టుకుంటాది. మనిషి నడుస్తున్నా వదల్దు. లైటు తక్కువున్నా బొమ్మ వస్తాది."

"నీ కొడుక్కి సెప్పు. నా కెమెరాకి కన్ను ఆనిస్తే అద్దంలోంచి మనిషి కనిపిస్తాడు. దాన్లో టీవీ కనిపిస్తాది. మనిషిని సూసి ఫొటో తియ్యాల గానీ టీవీని సూసి తీస్తారేటి? పైగా బేటరీ! నాది పొద్దున్న పెడితే అప్పగింతలదాకా ఆడతాది. దానికి పూటకి రెండు మార్చాల. పెళ్లికూతురైనా అన్ని చీరలు మార్చదు."

"అమ్మా, పాతదాని లోపల అద్దం ఉంటాది. నొక్కితే అది లేచి పడతాది. ఆ టక్ మనే సప్పుడు దాందే. దీన్లో అద్దమే లేదు. చర్చిలో ప్రార్థన మధ్యలో పాస్టరుగారు కళ్లు తెరిచి మనకేసి సూసే బాధ ఉండదు."

"సప్పుడు సెయ్యకుండా పని సేసుకుపోయేవోణ్ణి ఏటంటారో తెలుసా సుందరీ? దొంగంటారు!"

ఏసుదానం చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్లిపోయాడు. విక్టర్ వంటింట్లోకి వచ్చి తల్లి పక్కన పీట మీద కూర్చున్నాడు.

"నాకోసం కొనలేదమ్మా ఇది," అన్నాడు. "నాన్న కుడి మణికట్టు... సూసేవా నువ్వు?"

జ్ఞానసుందరి చేతిలో గరిట గిన్నెలోకి జారిపోయింది. చూడకేం! ఆల్బంలోకి ఫొటోలు ఏరేది ఆమే. వానాకాలం నుంచి కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడల్లా ఆమెకు కదిలిన ఫొటోలే కనిపిస్తున్నాయి. ఉంగరాలు మార్చుకునే చోట ఒక వేలికి రెండు వేళ్లు. పెళ్లికూతురి ముక్కుపుడక చుట్టూ గీత. అంత బరువు పట్టుకుని ఆ చెయ్యి నిలవడం లేదు! ఆ సంగతి ఈ భూమ్మీద తనకొక్కదానికే తెలుసనుకుంది. భర్తకు తెలిసినా తెలియనట్టే ఉన్నాడు. ఆమె కూడా తెలియనట్టే ఉంది.

"దీన్లో సెయ్యి వణికినా లోపల అది సర్దుకుంటాదమ్మా. బొమ్మ కదల్దు."

"ఆ మాటే నాన్నతో సెప్పరా బాబూ!"

"ఏటని సెప్పను? నీ సెయ్యి పనికి రావట్లేదు, ఇది పట్టుకో అని సెప్పనా?"

తల్లీకొడుకులిద్దరూ ఏడ్చారు. పొయ్యి మీద పాలు పొంగాక లేచారు.

ఆ ఆదివారం బుల్లమ్మ కూతురు దేవి పెళ్లి. బుల్లమ్మది సముద్రపు ఒడ్డున ఊరు. చేపల వ్యాపారం. పొద్దున్న రేవులో చేప దగ్గర నుంచి సాయంత్రం సంతదాకా ఆమె నోట్లో పడని మనిషి ఉండడు. ఆ ఒడ్డు పొడవునా ఏసుదానానికి వచ్చే పెళ్లిళ్లన్నీ ఆమె చెప్పినవే. ఆ ఇంటి పెళ్లిలోనే తాళి ఫొటో కదిలిపోతే... ఇక ఏసుదానం పేరు ఏ రేవులోనూ వినబడదు. ఎలాగైనా తాళి వేళకు ఆ చిన్న కెమెరా ఆయన చేతిలో పెట్టాలి. ఎలా పెట్టాలో జ్ఞానసుందరికి తెలియలేదు. ప్రభువా, నువ్వే దారి చూపించు అనుకుంది.

వ్యానులో ఏసుదానం ముందు కూర్చున్నాడు, ఒళ్లో డీఎస్‌ఎల్‌ఆర్. విక్టర్ వెనక కూర్చున్నాడు, జేబులో మిర్రర్‌లెస్. మధ్య సీటులో జ్ఞానసుందరి లైటు పట్టుకుని కూర్చుంది. ఏసుదానం ఫ్లాష్ వాడడు. మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయంటాడు. ఆ లైటు పట్టుకునేది ఎప్పుడూ ఆమే.

పందిట్లో బుల్లమ్మ ఎదురొచ్చింది. విక్టర్ చేతిలోది చూసి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఏటి బాబూ ఇది? కోనాం అంత పెద్ద సేప తెస్తానని సెప్పి పిసరంత నెత్తళ్లు తెచ్చినావేటి?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఏసుదానం మొహం వెలిగింది.

"అది పిల్లలాట బుల్లమ్మా. మనది ఇదిగో."

బుల్లమ్మ పెద్ద కెమెరా చేతిలోకి తీసుకుని, చేపను చూసినట్టు రెండు సార్లు ఎగరేసి బరువు చూసింది.

"ఇదీ కెమెరా అంటే! ఇది మెళ్లో ఏసుకుంటే మనిషికే బరువొస్తాది!"

కాసేపటికే గొడవ మొదలైంది. దేవి నాయనమ్మ లక్ష్మణమ్మను విక్టర్ మనవరాలి పక్కన నిలబెట్టాడు. ఆమె పమిట సర్దుకుంది. పెదవులు బిగించింది. ఊపిరి ఆపింది. ఆ ఊళ్లో ఫొటో అంటే అదే పద్ధతి... టక్ మనేదాకా ఊపిరి తియ్యకూడదు. విక్టర్ తీశాడు, పక్కకు తిరిగి ఇంకొకటి తీశాడు, వంటల దగ్గరికి వెళ్లిపోయాడు. లక్ష్మణమ్మ నిలబడే ఉంది.

"అవలేదేటే ఇంకా?" అంది పెదవి కదపకుండా.

"సప్పుడు రాలేదు మామ్మా," అంది దేవి, తనూ కదలకుండా.

ఇంకాసేపటికి లక్ష్మణమ్మ కళ్లు తేలేసి చాప మీద కూలబడింది! ఒకరు నీళ్లు చల్లారు, ఒకరు విసిరారు, ఒకరు శోకం ఎత్తుకున్నారు. విక్టర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆ గుంటడు ఫొటో తియ్యకుండా ఎలిపోనాడు!" అంది ముసలమ్మ, ఊపిరి రాగానే.

"తీసేను మామ్మా! ఇదిగో, నువ్వే!"

ఆమె తెరలోకి చూసింది. నిజంగానే తను.

"నాకు తెలీకుండా ఎప్పుడు తీసినావురా? ఆడమనిషికి సెప్పకుండా ఫొటో తీసీడమేటి? నీకు అప్పసెల్లెళ్లు లేరా?"

బుల్లమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చింది. "బాబూ, ఆ సప్పుడు లేని దాన్ని సంచిలో పడీయ్. ముహూర్తం వేళకి అది నా కంటికి కనిపించకూడదు."

విక్టర్ దాన్ని సంచిలో పెట్టాడు. జ్ఞానసుందరికి కాళ్ల కింద ఇసుక జారినట్టయింది. ఉన్న ఒక్క దారీ పోయింది!

ముహూర్తం వచ్చింది. ఆ ఒడ్డున తాళి దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. అది పెట్టింది ఏసుదానమే. పెళ్లికొడుకు తాళి ఎత్తి పట్టుకుంటాడు. మేళం ఆగుతుంది. కెమెరా టక్ మంటుంది. అప్పుడు గట్టిమేళం, అప్పుడు మూడు ముళ్లు. మేళగాళ్లు చూసేది పంతులుగారి వైపు కాదు, ఏసుదానం వైపు.

పెళ్లికొడుకు చినబాబు తాళి ఎత్తాడు. మేళం ఆగింది. ఏసుదానం కెమెరా ఎత్తాడు.

లైటు పట్టుకున్న జ్ఞానసుందరి లెన్సు వైపే చూస్తోంది. ఆ గాజు మీద పడిన వెలుగు చుక్క నిలవడం లేదు. ఏసుదానం కెమెరా దించి, మణికట్టు తిప్పుకుని, మళ్లీ ఎత్తాడు. మళ్లీ అంతే. నుదుటి మీద చెమట పట్టింది. ఆయన తల తిప్పి భార్యను చూశాడు. ఎన్ని పెళ్లిళ్లలో పక్కన నిలబడిందో ఆమె! ఒక్కనాడూ ఆయన అలా చూడలేదు. నీళ్లలో పట్టు తప్పినవాడు ఒడ్డున ఉన్న మనిషిని చూసినట్టు చూశాడు...

అంతే! ఆమె లైటు కొడుకు చేతిలో పెట్టింది. సంచిలోంచి చిన్న కెమెరా తీసింది. అంతమంది చూస్తుండగా పీటల ముందు నుంచి నడిచి వెళ్లి దాన్ని భర్త చేతిలో పెట్టి, ఆయన మెడలోంచి పెద్ద కెమెరా తీసి తన మెడలో వేసుకుంది.

"ఏటి సేస్తన్నావే సుందరీ... అందరూ సూస్తన్నారు!"

"సూడనీండి," అంది ఆమె ఆయన చెవిలో. "మీ సెయ్యి సంగతి నాకు తెలుసు. పిల్లడికీ తెలుసు. అందుకే కొన్నాడు దాన్ని. నాలుగో మనిషికి తెలిసేలోగా నొక్కండి!"

ఏసుదానం కొడుకు వైపు చూశాడు. విక్టర్ లైటు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. ఏసుదానం చిన్న కెమెరా కంటికి ఆనించి నొక్కాడు.

ఏమీ జరగలేదు.

చినబాబు తాళి ఎత్తి పట్టుకునే ఉన్నాడు. డోలు కర్ర గాలిలో ఉంది. నాదస్వరం ఆయన బుగ్గలు ఉబ్బించి ఉన్నాడు. లక్ష్మణమ్మ మళ్లీ ఊపిరి ఆపింది!

"కట్టవయ్యా! ముహూర్తం దాటిపోతోంది!" అన్నారు పంతులుగారు.

"ఫొటో అవలేదండి," అన్నాడు చినబాబు పళ్ల మధ్య నుంచి.

"అయిపోయింది బాబూ, తీసేను," అన్నాడు ఏసుదానం.

"సప్పుడు రాలేదండి."

"ఒట్టు బాబూ, తీసేను!"

చినబాబు చేతులు వణకడం మొదలైంది. బుల్లమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. జ్ఞానసుందరికి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతులు తడబడి గుండెల మీద ఉన్న పెద్ద కెమెరాకు తగిలాయి. అది ఎటు చూస్తోందో చూసుకోకుండా మీట నొక్కేసింది.

టక్!

గట్టిమేళం మొదలైంది! మూడు ముళ్లూ పడ్డాయి! లక్ష్మణమ్మ ఊపిరి వదిలింది. పందిరి మొత్తం ఊపిరి వదిలింది. చినబాబు భుజాలు దించుకుని నవ్వాడు, దేవి తలెత్తి నవ్వింది, పంతులుగారు కూడా నవ్వారు. చిన్న కెమెరాకు కన్ను ఆనించి ఉన్న ఏసుదానం ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత పెళ్లంతా అలాగే నడిచింది. ముందు ఆయన, వెనక ఆమె. ఆయన తీస్తాడు, ఆమె టక్ మనిపిస్తుంది.

"నువ్వు కూడా తీస్తన్నావేటమ్మా?" అని అడిగింది బుల్లమ్మ.

"పెద్దవి నేను, సిన్నవి ఆయన," అంది జ్ఞానసుందరి.

బుల్లమ్మకు అది బాగా నచ్చింది. "పెళ్లానికి పెద్దది ఇచ్చినాడు! మారాజు!"

భోజనాల వేళకు చిన్న కెమెరా ఆరిపోయింది. ఏసుదానం చెయ్యి వెనక్కి చాపాడు.

"ఒరే విక్టరూ, బేటరీ."

ఇన్నాళ్లకు తండ్రి కొడుకును పేరు పెట్టి పిలిచాడు! విక్టర్ కళ్లు తుడుచుకుని జేబులు వెతుక్కున్నాడు.

"నే సెప్పలేదేట్రా, పూటకి రెండని?"

"మూడు తెచ్చేను నాన్నా."

మర్నాడు స్టూడియోలో ముగ్గురూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. తాళి ఫొటో వచ్చింది. అందరూ స్తంభాల్లా ఉన్నారు. తర్వాతది టక్ మన్నాక తీసింది. అందులో అందరూ మనుషుల్లా ఉన్నారు. తాళి దారం పోగుతో సహా ఏదీ కదలలేదు. ఏసుదానం కుర్చీ ముందుకు జరుపుకుని చూశాడు.

"టక్ మనగానే నేను కెమెరా దించేసీవోణ్ణి," అన్నాడు. "ఇదంతా ఆ తర్వాత జరుగుతున్నాదన్నమాట."

భార్య వైపు తిరిగాడు.

"నా సెయ్యి సంగతి నీకెప్పట్నుంచి తెలుసే?"

"వానలప్పట్నుంచి."

"మరి కదిలినవన్నీ ఏమైపోనాయి? ఆల్బంలో ఒక్కటీ కనపడలేదే?"

"తీసీసేను," అంది ఆమె. "మీరు సూడకుండా... పిల్లడు సూడకుండా..." ఏసుదానం తల వంచుకున్నాడు. విక్టర్ అమ్మ భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాత విక్టర్ పెద్ద కెమెరా కార్డు పెట్టాడు.

"అవెందుకురా! నేను ఎటో పెట్టి నొక్కేను!" అంది జ్ఞానసుందరి.

ఏసుదానం మోచెయ్యి వచ్చింది. పందిరి రాట వచ్చింది. ఎవరిదో చెవి వచ్చింది. మళ్లీ ఏసుదానం వీపు. ఏసుదానం చెప్పులు. విక్టర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. తండ్రి కూడా నవ్వాడు. అంతలో ఇంకొకటి వచ్చింది. చిన్న కెమెరా చెంప పక్కన పట్టుకుని, వెనక్కి తిరిగి, భార్యను చూస్తూ నవ్వుతున్నాడు ఏసుదానం. ఫొటో కదిలింది. ఒక నవ్వు మీద ఇంకో నవ్వు పడింది.

"ఇదీ పాడైపోనాది. తీసీనా?" అంటూ ఆమె మౌసు మీద చెయ్యి వేసింది.

ఏసుదానం తన కుడిచెయ్యి ఆమె చేతి మీద పెట్టాడు. ఆ వణుకు ఆమె వేళ్లకు తెలుస్తోంది. దాచుకోవాలని ఆయన చూడలేదు.

"ఉండనీయే... అందరికీ నేనే తీసేను గానీ, నన్నెవరు తీసేరే?"