అన్ని దర్వాజల కాడ చెవి పెట్టిన షెడ్డు

లాల్‌గడి మలక్‌పేట్ ఊరవతల కోడిపిల్లలను పొదిగించే షెడ్డొకటి ఉండె. పొద్దుగూకితే ఆ దిక్కు మనిషే కాదు, గాలి గూడ సుట్టు తిరిగి పోయేదట.

ఎందుకంటే అండ్ల ఈదమ్మ అని ఒకామె రాత్రంత మేల్కొని గుడ్లు తిప్పేది. తిప్పకుంటే లోపలి పిల్ల పెంకుకు అతుక్కొని సస్తది మరి. ఓ రాత్రి కుర్చీల కూసున్నది కూసున్నట్టే... పాణం పోయింది. తెల్లారి చూసినోళ్లు చెప్పిన్రు — పాణం పోయినా చెయ్యి మాత్రం తిప్పుతనే ఉన్నదట!

తర్వాత ఆ షెడ్డును పరమేష్ కిరాయికి పట్టిండు. రెండు తడవలు గుడ్లు మురిగినయ్. ఇంకోపారి మురిగితే ఖాళీ చెయ్యమన్నడు షెడ్డు ఆసామి. ట్రేలు తిప్పే మోటరుకు గడియారముండె గని, కరెంటు పోయినప్పుడల్లా అది తప్పేది. గా రోజులల్ల కరెంటు రెప్ప కొట్టినట్టు పోయేది. అందుకే పరమేషే లేసి లేసి తిప్పేటోడు. నిద్ర లేక కండ్లు చింతనిప్పులైనయ్. బువ్వ తినుకుంటనే గురక పెట్టేటోడు.

పక్కింటి అల్లావుద్దీన్ బిడ్డ షిరీన్ కంప్యూటర్ నౌకరి చేస్తది. ఆమెకు జాలైంది. షెడ్డుల ఓ పాత కంప్యూటర్ పెట్టి, గడియారం తీసేసి, మోటరుకు కలిపింది. తెర మీద మీట నొక్కితే ట్రేలు వాలుతయ్. ఎటు వాలినయో చిన్న బొమ్మ చూపెడ్తది.

“గా మీట నా ఫోన్ల తెరుసుకుంటలేదేందమ్మా?” అడిగిండు పరమేష్.

“ఇప్పుడది తన మాటే తను వింటాంది చిచ్చా. ముందల కూసున్నోళ్లు నొక్కితేనే తిప్పుతది.”

“గట్లయితే నేను గీడనే సావాలె గదా! గిదేం సుఖం?”

షిరీన్ నవ్వి, ఎవలి మాట వినాలెనో రాసే కాడ నాలుగు సున్నలు కొట్టింది. “ఇగ అన్ని దర్వాజల కాడ చెవి పెడ్తది. ఇంట్ల పండుకొని నొక్కు.”

పరమేష్ షెడ్డుకు తాళమేసి ఇంటికి పోయిండు. మంచమెక్కి ఫోను తెరిచిండు. ఏలు ఇంక మీట మీద పెట్టనే లేదు...

బొమ్మ వాలింది.

మల్ల లేసింది. మల్ల వాలింది.

గుండె జారి అవతలూరు గౌడవెల్లి కాడ పడ్డది! కిందమీద పడుకుంట షెడ్డు కాడికి ఉరికిండు. తాళం తాళమే ఉన్నది. లోపల మాత్రం — కర్ర్... కర్ర్... ట్రేలు ఊగుతున్నయ్. ఈ ఊపుకు గుడ్లు పగిలితే బతుకే పగిలినట్టు. కరెంటు తీగ పీకి, షిరీన్‌కు ఫోన్ కొట్టిండు.

ఆమె వచ్చి చూసి, నెత్తి కొట్టుకున్నది. షెడ్డుకు, ఇంటికి, నారాయణ దాణా దుకాణానికి ఒక్కటే నెట్టు లైను; ఆ లైను మీదున్నోళ్లు ఎవలు నొక్కినా ట్రేలు వాలుతయ్. నారాయణను లేపి అడిగితే నోరెళ్లబెట్టిండు.

“ఫోన్ల ఏదో బొమ్మ ఊగుతాంటే... ఆట అనుకున్ననే!”

“నీ ఆట పాడుగాను! నా పాణం తీస్తివి గదరా!”

షిరీన్ తిరిగొచ్చి, కరెంటు తీగ మల్ల పెట్టి, సున్నలు తీసేసింది. కంప్యూటర్ మల్ల తన మాటే తను వినవట్టింది. అదీ చాలదని నెట్టు తీగ గూడ పీకేసింది. ఇగ కుర్చీల కూసొని నొక్కాల్సిందే. పరమేష్ ఓసారి తిప్పి, ట్రేలను ఎడమకు వాల్చి, తాళమేసిండు. జరసేపు నడుం వాల్చొస్తనని ఇంటికి పోయిండు.

లేసేసరికి కోడి కూసింది.

గుడ్లన్నీ సచ్చినయే అనుకుంట షెడ్డుకు ఉరికిండు. ఎనకనే షిరీన్. తాళం తీసిన్రు.

ట్రేలు కుడికి వాలి ఉన్నయ్.

ఇద్దరు చూస్తుండంగనే — కర్ర్... ర్... మెల్లగ, పసిపిల్లను పక్కకు తిప్పినట్టు, ఎడమకు వాలినయ్. కంప్యూటర్ ముందల కుర్చీ ఖాళీ.

“షిరీన్... అన్ని దర్వాజలు మూసినవా?”

“మూసిన చిచ్చా.”

“మరి ఎవలు...?”

షిరీన్ పీకేసిన నెట్టు తీగను ఎత్తి చూపెట్టింది.

పరమేష్ ఒక గుడ్డు తీసి దీపం ముందల పెట్టిండు. లోపల పిల్ల కదులుతాంది. దాని దిక్కు చూసిండు, కుర్చీ దిక్కు చూసిండు. భయపడ్దామన్నా ఒంట్ల సత్తువ లేదు పాపం.

గుడ్డును పైలంగ ట్రేల పెట్టి, గొంతు తగ్గించి అన్నడు —

“ఈదమ్మక్కా... నువ్వు చూస్తుండు. నేనింకో కునుకు తీసొస్త.”