ఏడో నంబరు బిళ్ల

1991 మార్చి 9. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. బామ్మర్ది దేవదాస్ తెచ్చాడు. మెత్తటి రొట్టెలు ఏరి బావ ఏలియాకే పెట్టాడు, మాడినవి తను తిన్నాడు.

ఏలియా ఆ రుచి ఇప్పటికీ మరిచిపోలేదు.

సాయంత్రం ఐదున్నర. కరీంనగర్ డ్యామ్ గట్టు.

సైరన్ మోగుతోంది!

నీళ్ల మధ్యలో పాత నేవీ గస్తీ పడవ. విశాఖ నుంచి ట్రైలర్ మీద తెచ్చారు. ఇవాళ దాన్ని ముంచుతారు. అడుగున చేపలకు గూడవుతుంది, డైవర్లు దాని చుట్టూ ఈదుతారు.

డైవర్లు లోపల చిక్కుకోకుండా తలుపులన్నీ కోసింది దేవదాస్. అడుగున మందుగుండు పెట్టి పేల్చేది ఏలియా. బెల్లంపల్లి బొగ్గుగనిలో ఇరవై ఏళ్లు షాట్‌ఫైరర్‌గా చేశాడు.

"ఏం చూస్తున్నవ్ ఏలియా? తిప్పు!" కాంట్రాక్టర్ లింగారావు అరుస్తాడు.

"బిళ్లలు చూస్కోని దొరా..."

"గిది గని కాదురా!"

"మనుషులు మనుషులే గద దొరా."

గని పద్ధతి అది. పడవెక్కేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల తీసుకెళ్లాలి. దిగాక ఎవరి బిళ్ల వాళ్లే గట్టు మీది చెక్కపలకకు తగిలించాలి.

ఒకటి... రెండు... పన్నెండూ ఉన్నాయి.

చెయ్యి ఎక్స్‌ప్లోడర్ పెట్టె పిడి మీద పడుతుంది.

ఆగుతుంది!

ఏడో నంబరు... అంకె ఇటువైపు ఉంది!

దేవదాస్ బిళ్ల. వాడెప్పుడూ అంకెను పలకవైపు తిప్పి తగిలిస్తాడు. "ఇంటికి పోయెటోన్ని ఎవ్వరు లెక్కపెట్టొద్దు బావా," అని నవ్వుతాడు.

ఇది వాడు తగిలించింది కాదు!

"దేవదాస్ ఏడి?"

"ఎప్పుడో పోయిండు. కల్లు తాగుతుండొచ్చు," అంటాడు లింగారావు.

"వాడు తాగడు!"

ఏలియా పిడి పీకి నడుముకు దోపుకుంటాడు. పిడి లేకపోతే పెట్టె పనిచేయదు. పుట్టిలోకి దూకుతాడు.

"ఏయ్! ఎటు పోతున్నవ్?"

తెడ్డు... తెడ్డు... తెడ్డు!

పడవంతా తలుపుల్లేని గదులు. గాలి అటూ ఇటూ తిరుగుతోంది. ఇంజన్ గదికి మాత్రం తలుపుంది. దాన్ని కోయొద్దన్నది లింగారావే.

బయట గడియ!

లాగుతాడు. గుప్పున నూనె వాసన. డ్రమ్ముల వరస. వాటి నడుమ దేవదాస్... నుదుటి నుంచి రక్తం. కాలికి గొలుసు!

"వచ్చినవా బావా..."

"ఎవడ్రా గీ పని చేసింది?"

"లింగారావు. గీ కాలిన నూనె తియ్యకుండనే ముంచుతుండు. ఊరంత తాగే నీళ్లాయె. డ్యామ్ ఇంజనీరుకు చెప్తనన్న... నెత్తి మీద కొట్టి బిళ్ల గుంజుకున్నడు."

"పుట్టిల ఇనుము కోసే రంపం ఉన్నది. జర ఆగు."

"యాడికి పోత బావా?" దేవదాస్ నవ్వబోతాడు. "ఇయ్యాల నీ తలుపు ఎయ్యనీకి లేటయితది, గంతే."

అక్క సాయవ్వ చనిపోయినప్పటి నుంచి బావ తలుపు తీసే పడుకుంటాడు. రోజూ రాత్రి వచ్చి చప్పుడు కాకుండా మూసి వెళ్లేది దేవదాసే. ఆ సంగతి తెలియనట్టు ఏలియా కళ్లు మూసుకుని ఉంటాడు.

తెలుసని దేవదాస్‌కూ తెలుసు!

ఏలియా పుట్టిలోకి దిగుతాడు. రంపం అందుకుంటాడు. ఎందుకో గట్టు వైపు చూస్తాడు.

లారీ బానెట్ తెరిచి ఉంది!

లింగారావు చేతిలో పడవకు పోయే కేబుల్...

ఏలియాకు అప్పుడు తడుతుంది. పిడి తెచ్చాడు. పెట్టె నుంచి వైర్లు విప్పలేదు! ముందు వైర్లు, తర్వాతే పిడి. గనిలో కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ తను నేర్పిన మొదటి పాఠం. ఒక్క క్షణం... బామ్మర్ది కోసం పరిగెత్తుతూ మరిచాడు.

"వద్దు! లోపట మనిషున్నడు!"

లింగారావుకు ఆ సంగతి తెలుసు.

తీగ బ్యాటరీని తాకుతుంది.

ధడేల్!

నీళ్లు ఆకాశానికి లేచాయి. పుట్టి తిరగబడింది. ఏలియా తల పైకెత్తేసరికి పడవ ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. తర్వాత అదీ లేదు. నీళ్ల మీద నల్లటి నూనె...

గట్టు మీద అందరూ చూశారు. లింగారావును కూలీలే పట్టి పోలీసు జీపు ఎక్కించారు.

ఏలియా పలక దగ్గరికి నడిచాడు. ఏడో నంబరు బిళ్ల తీశాడు. తడి చేతులతో తుడిచాడు. అంకెను పలకవైపు తిప్పి తగిలించాడు.

రాత్రి. చాపమీద పడుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. కళ్లు మూసుకుని అడుగుల చప్పుడు కోసం విన్నాడు.

చాలాసేపు విన్నాడు.

తర్వాత తనే లేచాడు. చప్పుడు కాకుండా తలుపు మూశాడు.