ఐసు గదిలో సౌండ్ చెక్

కైకలూరు రోడ్డులో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ దగ్గర చీకటి పడ్డాక చేపల లారీలు కూడా ఆగవు. లోపలి కోల్డు రూములో తలుపు మూసుకుపోయి ఎవడో పోయాడట. ఆ గదిలో నిలబడితే — పక్కనే ఊపిరి పీలుస్తాడట. గుండె కొట్టుకోవడం కూడా వినిపిస్తుందట... మనది కాదు, వాడిది.

నాకు ఆ గదే కావాల్సొచ్చింది.

మా ప్రసన్నక్క పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పాడుతుంది. ఈమధ్య శ్రుతి తప్పుతోంది. మొన్న ఏలూరులో అయితే పాట ఎత్తుకోవడమే ఆలస్యమైంది. స్టేజీ ఎక్కితే చాలు, కీబోర్డు అబ్బాయి వేళ్ళకేసే చూస్తుంటుంది. "వాడికి పెళ్ళైపోయిందండీ ప్రసన్నగారూ" అని ఆర్కెస్ట్రా యజమాని యోసేపుగారు వేళాకోళమాడారు. తర్వాత నవ్వకుండా చెప్పారట — ఆదివారం తాడేపల్లిగూడెం పెళ్ళిలో కూడా ఇలాగే అయితే వేరే అమ్మాయిని చూసుకుంటానని.

"మానిటర్లు చెత్తవే. నా గొంతు నాకే వినపడట్లేదు" అంది అక్క.

మానిటరంటే జనం కోసం కాదు. పాడేవాళ్ళ కాళ్ళ ముందు, వాళ్ళ మొహంలోకి తిరిగి, ఏటవాలుగా ఉండే స్పీకరు. నేనే చేస్తానన్నాను. నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి ప్లైవుడ్ కోశాను. ఏటవాలు కుదరక పలకలు పాడుచేశాను, సోల్డరింగ్‌తో వేళ్ళు కాల్చుకున్నాను. చివరికి రెండు బాక్సులు నిలబడ్డాయి. తీరా ఇంట్లో పెడితే స్పీకరు మోతేదో గోడల మోతేదో తెలియట్లేదు. ఐసు గదిలో అయితే గోడల పొడుగునా పైకప్పుదాకా పాత ఊక బస్తాలు. అక్కడ మాట పలికినచోటే చచ్చిపోతుంది.

శుక్రవారం రాత్రి ఆటోవాడు రోడ్డు మీదే దింపేసి, లోపలికి రానన్నాడు. బాక్సులు మోసుకుంటూ నేను టార్చి దారి మీద వేశాను.

"నీ మొహం మీద వేసుకో" అంది అక్క. "నువ్వు కనపడకపోతే నాకు భయమే."

పాములుంటాయన్నా ఊరుకోలేదు.

గది తలుపు మూశాను. అంతే... వినిపించింది. ఊపిరి. నా చెవి పక్కనే. దాని అడుగున — దబ్... దబ్...

అంత నిశ్శబ్దంలో మన ఒంట్లో చప్పుడే మనకి వినిపిస్తుందని ఏదో వీడియోలో చెప్పారు. తెలిసినా సరే, అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "విన్నావా?"

అక్క టార్చి వెలుగులో నా మొహమే చూసింది. "ఇక్కడేం లేదే, పిరికిదానా."

ఆ గదిలోకొచ్చి భయపడని మనిషిని మొదటిసారి చూశాను.

బాక్సుల ముందు కూర్చోబెట్టాను. బాగా పాడే రోజుల్లో రికార్డు చేసిన తన పాటే ఫోన్లో ఉంది, ముందు అది వినమన్నాను. సరేనని కళ్ళు మూసుకుంది. స్విచ్ వేశాను.

ఏమీ రాలేదు. బ్యాటరీ వైరు ఊడినట్టుంది. వంగి తడుముతుంటే...

గాజుల చప్పుడు.

తలెత్తాను. అక్క తొడ మీద తాళం వేస్తోంది. తల మెల్లిగా ఊగుతోంది. పెదాల మీద నవ్వు.

పాట లేదు. ఆ గదిలో ఎవరి పాటా లేదు.

ఈ తాళానికి... ఎవరు పాడుతున్నారు?

"చాలా బాగా చేశావే రూబీ" అంది, కళ్ళు తెరవకుండానే. "ప్రతి మాటా వినపడుతోంది."

కీబోర్డు అబ్బాయి వేళ్ళు. నా మొహం మీద టార్చి. అన్నీ కళ్ళతోనే.

టార్చి ఆర్పేశాను.

"అక్కా... ఇంకా ఆన్ చెయ్యలేదు."

గాజులు ఆగలేదు.

మళ్ళీ అన్నాను. గట్టిగా, గొంతు చిరిగేలా.

ఎల్లుండే పెళ్ళి. చీకట్లో నా పక్కన ఆ ఊపిరి, ఆ గుండె... వాటి మీద గాజులు, తాళం తప్పకుండా —