వెనక తలుపు చప్పుడు

ఆ ఉదయం టీచరు కుర్చీ ఎక్కి హాలు గోడ మీది ఫొటోలు దించుతోంది. కాసేపట్లో ఇల్లు చూడడానికి ఒక జంట వస్తారు. ఇంటివాళ్ల ఫొటోలు కనిపించకూడదని ఏజెంటు ముందే చెప్పాడు. గోడలకు కొత్తగా వేయించిన రంగు వాసన ఇంకా పోలేదు. వంటింట్లో కూతురు అరలోని కప్పుల పిడులన్నీ ఒకే వైపుకు తిప్పుతోంది.

"నాన్న ఫొటో కూడా తీసేయాలా?"

"తీసేయాలటమ్మా. వచ్చినవాళ్లకి ఇది తమ ఇల్లులా కనిపించాలట."

"నాకైతే అప్పుడే హోటలు గదిలా కనిపిస్తోంది."

కూతురు నవ్వింది. భర్త ఫొటోని చీర కొంగుతో తుడిచి, దుప్పట్ల మధ్య పెట్టి బీరువా మూసింది టీచరు.

అమ్మడానికి ఆమె తేలిగ్గా ఒప్పుకోలేదు. జబ్బుతో ఆయన పోయిన కొద్ది నెలలకే కూతురు మొదలుపెట్టింది. ఇంత ఇంట్లో ఒక్కదానివే ఎలా ఉంటావంది. వాన పడితే పైగది కారుతోందంది. చివరికి, "దారిలో బోర్డు మీద నంబరు చూసి ఒకాయనకి ఫోన్ చేశానమ్మా, ఊరికే మాట్లాడదాం" అంది. కూతురి మొహం చూసి టీచరు తలూపింది. ఆయన ఉంటే ఈ పని జరగనిచ్చేవారు కాదు అనుకుంది. రోజూ ఆ మాటే పట్టుకుని రాత్రి నిద్రపోయేది.

ఏజెంటు వస్తూనే కిటికీలన్నీ బార్లా తీశాడు. "కొనేవాళ్లు ముందు ముక్కుతో చూస్తారమ్మగారూ, తర్వాతే కళ్లతో!" అని నవ్వాడు. టీచరు ఎరిగి ఇంతకు ముందు ఒక్కసారే వచ్చాడతను. ఆ రోజు వాన. హాల్లోనే కూర్చుని మాట్లాడి వెళ్లిపోయాడు.

ఇప్పుడు జంటను వెంటబెట్టుకుని గదులన్నీ చూపించి, వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. ఆ తలుపు ఎవరికీ లొంగదు. చెక్క ఉబ్బిపోయింది. చుట్టాలు నెట్టీ నెట్టీ, "ఏంటమ్మా, దీనికీ మా మీద కోపమేనా?" అని వదిలేసేవారు. కింద మోకాలు ఆనించాలి, గడియ పైకెత్తాలి, భుజంతో నెట్టాలి. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు.

ఏజెంటు పెరటి గురించి చెబుతూనే, తలుపు వంక చూడకుండానే, మోకాలు ఆనించి గడియ ఎత్తి భుజంతో నెట్టాడు. ధభ్‌మని తెరుచుకుంది.

జంట పెరట్లోకి దిగారు. టీచరు మెల్లగా, తరగతిలో అడిగినట్టే అడిగింది.

"ఈ తలుపు తీయడం మీకెవరు నేర్పారు?"

అతను కూతురి వైపు చూశాడు. కూతురు తల దించుకుంది.

"సారే అమ్మగారూ. మీ వారే. కర్ర పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించారు. మీతో అనొద్దన్నారు."

జంటా ఏజెంటూ వెళ్లిపోయారు. వీధి గేటు పడిన చప్పుడయ్యాక టీచరు కూతురి వైపు తిరిగింది.

"బోర్డు చూసి ఫోన్ చేశానన్నావు."

"అబద్ధం చెప్పానమ్మా."

"నేను బడిలో పాఠాలు చెప్పుకుంటుంటే, తండ్రీ కూతుళ్లు కలిసి నా ఇల్లు అమ్మకానికి పెట్టారన్నమాట."

"పెట్టలేదు. చూపించారంతే. 'నేను పోయాక మీ అమ్మ ఇక్కడ ఒక్కతీ ఉండకూడదు' అన్నారు."

"సాయంత్రం నేనొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పడుకుని, 'వచ్చారా టీచరుగారూ?' అని నవ్వేవారు. ఆ నవ్వు కూడా అబద్ధమేనా?"

"నీకు చెప్పబోయారమ్మా, ఎన్నోసార్లు. చెప్పనిచ్చావా? 'మీకు తగ్గాక హాలుకి ఏ రంగు వేయిద్దాం?' అని అడ్డం వచ్చేదానివి. ఆయనా సరేనని రంగుల గురించే మాట్లాడేవారు."

"అయితే తప్పు నాదంటావు."

"అనను. కానీ నాన్న పోతానన్న సంగతి నాతో మాట్లాడేవారు. రంగుల సంగతి నీతో మాట్లాడేవారు." కూతురు గోడ మీది కొత్త రంగు వంక చూసింది. "నాకూ రంగుల గురించి మాట్లాడాలనే ఉండేదమ్మా."

టీచరు ఆ మాట విననట్టే చేతిసంచి అందుకుంది.

"ఇంత చక్కగా అన్నీ సర్దించారే, ఆ తలుపు ఒక్కటీ ఎందుకు వదిలేశారు?"

"చెక్కించేద్దామని ఏజెంటు అప్పుడే అన్నాడు. నాన్నే ఒప్పుకోలేదు. 'అమ్మ బడి నుంచి వచ్చేది ఆ తలుపులోంచే, ఆ చప్పుడు వినపడితేనే నాకు పొద్దు గడిచినట్టు' అన్నారు. అమ్మ ఇక్కడ ఉన్నన్నాళ్లూ దాన్ని ముట్టుకోవద్దన్నారు."

టీచరు ముందు గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

బడి దాకా నడిచింది. సెలవు రోజు. గేటుకి తాళం వేసి ఉంది. ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుంది. తనకు దక్కాల్సిన చివరి మాటల్ని ఇద్దరూ కలిసి దాచేశారనిపించింది. ఆయన మీద అరవడానికి ఆయన లేరు. ఎండ అరుగు దిగిపోయింది. కోపం తగ్గలేదు గానీ, దాని పక్కనే మరొకటి వచ్చి కూర్చుంది. తను బడిలో ఉన్న ఆ మధ్యాహ్నాల్లో తండ్రి ముందు ఏడవకుండా, సాయంత్రం తల్లి ముందు నోరు జారకుండా, తన కూతురు ఆ ఇంట్లో ఎలా తిరిగిందో!

పొద్దువాలే వేళకి ఇల్లు చేరింది. ముందు గుమ్మం తెరిచే ఉంది. అయినా చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్లింది. బయటి నుంచైతే భుజంతో నెట్టడం కాదు, గడియ ఎత్తి గట్టిగా లాగాలి. లాగింది.

ధభ్.

వంటింట్లోంచి ఒక గొంతు.

"వచ్చారా టీచరుగారూ?"

టీచరు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆయన పోయిన రోజు కూడా నిబ్బరంగా ఉన్న మనిషి, ఇప్పుడు గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కూతురు పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది.

"ఇల్లు అమ్ముదాం" అంది టీచరు కళ్లు తుడుచుకుని. "తలుపు మాత్రం అన్నిటికంటే ఆఖర్న చెక్కిద్దాం. నాన్న నీతో ఏమేం అన్నారో అన్నీ చెప్పాలి నువ్వు. నేను అడ్డం రాను."

"చెబుతానమ్మా. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటావు?"

టీచరు కూతురి చెంపలు తుడిచి, హాలు వైపు తల తిప్పింది.

"అది తర్వాత. ముందు ఈ రంగు సంగతి మాట్లాడుకుందాం. ఎవరు ఎంచారే దీన్ని? బొత్తిగా బాగోలేదు."

కూతురు ఏడుస్తూనే నవ్వేసింది. "నేనే."

"అదీ చెప్పు."