ఆదివారం పేలని ఫిరంగి

ఆ ఆదివారం పొద్దున గార్లదిన్నెలోని కొట్టు గదిలో తిప్పేష్ చేతిలో ఉన్న సరుకు ఇంతే: ఒక సంచి వేరుశనగ, గుండీలో దాచిన కెమెరా, నడుముకు పిస్టల్, చనిపోయిన స్నేహితుడి ఫోను.

వేరుశనగ అతని వేషం. ఊరికి శనక్కాయల వ్యాపారి, హెడ్‌క్వార్టర్స్‌కి ఫీల్డ్ ఏజెంట్. కొట్టు లాభాల్లోనే నడుస్తోంది కాబట్టి ఏది అసలు ఉద్యోగమో అతనికే అప్పుడప్పుడు అనుమానం వచ్చేది.

ఫోను ఐజాక్‌ది. జోడీ ఏజెంట్. మొన్న సాయంత్రం పామిడి దగ్గర పెన్న ఇసుకలో శవమై దొరికాడు.

తిప్పేష్ సొంత ఫోను మోగింది. చీఫ్ ఉమాదేవి.

"కొత్త వీడియో వచ్చింది. చూశావా?"

"ఐజాక్ ఫోన్లో చూస్తాండా మేడమ్."

తెర మీద ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. సారా. అనంతపురంలో ట్రావెల్స్ ఆఫీసు నడుపుతుంది. స్కాట్లండ్‌లోని పాత నగరం ఎడిన్‌బరోకి వెళ్లే యాత్రికులకు చిట్కాలు చెప్పే చానెల్ ఆమెది. ఒక విదేశీ ముఠా తన మనుషులకు ఆదేశాలు పంపేది ఆ చిట్కాల్లోనే. ముఠా జీతం తింటూనే సారా రహస్యంగా తిప్పేష్‌కు కబుర్లు చేరవేస్తోంది. ముఠాకు కావలసింది ఈ నేల కింది ఖనిజం. నీళ్లు ఆగితే ఊళ్లు ఖాళీ అవుతాయి, ఖాళీ ఊళ్లు కారుచౌకగా వస్తాయి. అదీ వాళ్ల బేరం.

"ఎడిన్‌బరో వెళ్తున్నారా? ఎండ కాస్తున్నా ఉన్ని బట్ట వదలకండి, ఆ గాలికి గొడుగు నిలవదు. రాయల్ మైల్ అనే పెద్ద వీధిలోనే తిరగకండి, అసలు ఊరు పక్క సందుల్లో ఉంటుంది. ఇక ఈ రోజు, ఆదివారం, ఒంటిగంటకు కోట మీద ఫిరంగి పేలుస్తారు. తప్పకుండా చూడండి."

సారా నవ్వుతూనే ఉంది. ఆమె వెనక గోడ మీద ఆమెది కాని నీడ ఒకటి కదిలింది.

"కోట అంటే గుత్తి కోట," అంది ఉమాదేవి. "బలగం మొత్తం అక్కడికే పోతోంది. నువ్వూ బయల్దేరు."

తిప్పేష్ కదలలేదు. రెండేళ్లు మసాలా కొట్టు వేషంలో ఎడిన్‌బరోలో బతికాడు. రోజూ ఒంటిగంటకు కోట ఫిరంగి పేలితే చేతిలో తక్కెడ ఉలిక్కిపడేది. ఒక్క ఆదివారం తప్ప.

"మేడమ్, ఆదివారం ఆ ఫిరంగి పేల్చరు. సారాకు తెలుసు. నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసు. ఎవడో పక్కన నిలబడి, మనల్ని దారి తప్పించేదానికి కోట మాట చెప్పించినాడు. అబద్ధమని నాకొక్కడికే తెలిసేటట్టు చెప్పింది. తక్కిన రెండూ, ఉన్ని బట్టా పక్క సందులూ, ఆమె సొంతంగా కలిపినవి."

"ముఠాకు అమ్ముడుపోయిన మనిషిని నమ్ముతావా?"

"అమ్మేవాళ్ల మొహం చూసి కాదు, సరుకు చూసి నమ్ముతా. ఆమె ఆఫీసుకు మనుషుల్ని పంపండి. ఆ నీడ ఇంకా ఆడనే ఉంటాది."

గుత్తి వైపు పోయే పెద్ద రోడ్డును పామిడి దగ్గర వదిలేసి, ఐజాక్ శవం దొరికిన ఇసుక వైపు పోయే పక్క దారిలోకి జీపు తిప్పాడు. దారి చివర మంచినీళ్ల పంప్‌హౌస్. చుట్టుపక్కల ఊళ్ల బిందెలన్నీ దాని మీదే ఆధారం. చినుకు లేని మబ్బు కింద గద్దలు తిరుగుతున్నాయి. గేటు ఎదుటి చేనులో గొర్రెల మంద, దాని పక్కన కంబళి కప్పుకుని కూర్చున్న కాపరి.

ఉన్ని బట్ట. కానీ ఈ సీమలో కంబళి లేని కాపరి ఎక్కడుంటాడు?

గట్టు మీద చేను గల రైతు ఆదెన్న బీడీ కాలుస్తున్నాడు.

"మంద ఎప్పుడొచ్చినాదన్నా?"

"మొన్న. పెంటికంతా నా చేనుకే. దేవుడట్లా మనిషప్పా. నేను దుడ్లియ్యబోతే, మందను నిలవనిచ్చినందుకు ఆయప్పే నాకిచ్చినాడు."

"నీకే ఇచ్చినాడా?"

"పిచ్చోడు. నీ పుచ్చు కాయలేమన్నా ఉంటే ఆయప్పకే అమ్ముకో."

తిప్పేష్ మనసులో లెక్క వేశాడు. మంద చేనులో పడుకుంటే ఎరువు రైతుకు దక్కుతుంది, డబ్బు కాపరికి దక్కుతుంది. ఈ నేల మీద పుట్టినవాడెవడూ ఆ లెక్క తిరగేయడు. సరుకూ ఇచ్చి, పైన దుడ్లూ ఇచ్చేవాడు కొంటున్నది ఇంకేదో.

అప్పుడే కాపరి ఈల వేశాడు. మంద గేటు వైపు కదిలింది. లోపల కారే వాల్వు దగ్గర గొర్రెలు నీళ్లు తాగడం అలవాటేమో, కాపలావాడు అడ్డు చెప్పకుండా గేటు తెరిచాడు. అన్నిటికంటే ముందు ఒక పొట్టేలు. దాని పొట్ట కింద బరువుగా వేలాడుతున్న సంచి. సంచికి చిన్న ఎర్ర దీపం. కాపరి కుడిచేయి కంబళిలోంచి బయటకు రాలేదు.

కేక వేస్తే బాంబు మీట నొక్కేస్తాడు. కాల్చినా వేలు బిగుసుకుంటుంది.

తిప్పేష్ శనక్కాయల సంచి భుజాన వేసుకుని నింపాదిగా వెళ్లి పక్కన చతికిలబడ్డాడు.

"శనక్కాయలు చూస్తావా అన్నా? మంచి సరుకు."

"అవసరం లేదు. వెళ్లిపో." రేడియో వార్తల్లాంటి తెలుగు.

తిప్పేష్ సంచిని అతని ఒళ్లో బోర్లించాడు.

కాయలు గలగల రాలిన చప్పుడుకు పొట్టేలు గేటులో ఆగింది. తల తిప్పింది. పచ్చిక మొహం చూడని మంద మొత్తం వెనక్కి ఉరికింది. క్షణంలో పొట్టేలు కాపరి ఒళ్లో మూతి పెట్టి, పొట్ట కింది సంచిని అతని మోకాళ్లకు ఆనించి నమలసాగింది.

తిప్పేష్ పిస్టల్ అతని పక్కటెముకలకు ఆనింది.

"నొక్కు."

"నువ్వూ చస్తావు," అన్నాడు కాపరి.

"నా ప్రాణం ఈ ఉద్యోగంలో చేరినప్పుడే పెట్టుబడి పెట్టినా. నీది చెప్పు."

గద్ద నీడ ఇద్దరి మీదుగా జారిపోయింది. కూలికి వచ్చినవాడు ప్రాణం పెట్టుబడి పెట్టడు. కంబళి కింద వేళ్లు సడలాయి. రిమోట్ జారి కాయల మధ్య పడింది. పొట్టేలు దాన్ని కూడా కాయే అనుకుని పెదవులు చాచింది. మూతికీ మీటకూ మధ్య వేలెడు సందు. ఆ సందులో తిప్పేష్ చేయి దూరింది.

సాయంత్రం, పొట్టేలు పొట్ట కింది బాంబు సంచిని విప్పి తీసుకుపోయాక, సారా ఫోను చేసింది.

"బతికినావా?" అన్నాడు.

"నీ మనుషులు ఆ నీడగాణ్ణి పట్టుకుని, నా తలుపు పగలగొట్టి పోయినారు. నా చానెల్ చూసినావా? అందరూ తిడతాండారు. ఆదివారం ఫిరంగి పేలదంట, నేను ఎడిన్‌బరో మొహమే చూడలేదంట."

తిప్పేష్ జీపులో కూర్చుని లెక్క తేల్చుకున్నాడు. ఐజాక్ రాడు, ఆ నష్టం ఏ లాభంతోనూ పూడదు. ఊళ్లకు నీళ్లు వస్తాయి. సారా తిట్లు వింటూనైనా బతికి ఉంది. ఇక వ్యాపారిగా చేతికి మిగిలింది ఒక ఖాళీ సంచి, దాన్ని నములుతూ జీపు దిగనంటున్న పొట్టేలు.